ఇంట్లో స్టాక్ చెక్కుకున్న ఎయిర్ రైఫిల్‌కు ఏ పూత వేయాలి

ఎయిర్ రైఫిల్ కొన్నవారిలో కొందరు, దానితో వచ్చిన నాసిరకం స్టాక్‌ను (భుజానికి ఆనించి పట్టుకునే కట్టె భాగాన్ని) తీసేసి, టేకుతోనో ఇరుగుడుతోనో తమ భుజానికి, చెంపకు సరిపోయే కొత్త స్టాక్‌ను చెక్కుకుంటారు. చెక్కడం పూర్తయ్యాక అసలు ప్రశ్న ఎదురవుతుంది: కట్టెకు ఏ పూత వేయాలి, గీతలు పడి తుప్పు మొదలైన ఇనుప భాగాలను ఎలా కాపాడుకోవాలి? ఈ ఎంపికను వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకొని ఎలా చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. మందుగుండుతో పేలే తుపాకీని లైసెన్సు లేకుండా ఇంట్లో తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం, దానికి మినహాయింపు లేదు. ఇక్కడ చెప్పేదంతా 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్లకు మించని శక్తి గల ఎయిర్ రైఫిల్‌కే వర్తిస్తుంది. 2016 ఆయుధాల నియమాలు ఆ పరిమితికి లోబడిన వాటిని లైసెన్సు అవసరం నుంచి మినహాయించాయి. పూత వేసే నెపంతో స్ప్రింగును మార్చి శక్తిని పెంచే ప్రయత్నం చేయకండి, ట్యూబు (లోపల స్ప్రింగు, పిస్టన్ ఉండే ఇనుప గొట్టం) మీద ఉన్న తయారీ సంఖ్యను అరగదీయకండి, మందమైన పెయింటుతో పూడ్చకండి.

ఎంపికకు ముందు చూడవలసినవి

పూత గురించి అడిగితే దుకాణదారు ముందుగా చెప్పేది గట్టిదనం గురించే. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. దెబ్బ తగిలిన చోట ఈ పూతను మీరే, ఇంట్లోనే, మిగతా భాగాన్ని కదిలించకుండా సరిచేసుకోగలరా అన్నది మొదటి ప్రశ్న. ఎంత గట్టి పూతైనా ఏదో ఒక రోజు గీత పడక తప్పదు. మొత్తం గీకి మళ్లీ మొదటి నుంచి వేయవలసిన పూత అయితే, ఆ ఒక్క గీతను మీరు వాయిదా వేస్తారు, అక్కడి నుంచే చెమ్మ లోపలికి దిగుతుంది.

మన ప్రాంతంలో కట్టెను, ఇనుమును దెబ్బతీసేవి మూడు. రోహిణి కార్తెలో ఎండ 44, 45 డిగ్రీలు దాటినప్పుడు కట్టె ఎండి కుంచించుకుపోతుంది, అంచుల్లో సన్నని పగుళ్లు వస్తాయి. మృగశిర దాటి వానలు పడగానే అదే కట్టె గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది. చేతి చెమట మూడోది, అన్నిటికన్నా మొండిది. చెమటలోని ఉప్పు ఇనుము మీద వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పట్టించగలదు. కాబట్టి మీ రైఫిల్‌ను ఎక్కడ పట్టుకుంటారు, ఎక్కడ ఉంచుతారు, ఎవరు వాడతారు అన్నవి రాసుకోండి. వారానికోసారి ఇంటి ఆవరణలో అట్ట లక్ష్యాల మీద కాల్చే వ్యక్తికి, రోజూ రేంజికి తీసుకెళ్లి సాధన చేసే విద్యార్థికి ఒకే పూత సరిపోదు.

ఆ తరువాత కట్టె ఏదో చూడండి. ఆదిలాబాద్ టేకులో సహజంగానే నూనె గుణం ఉంటుంది, అది చెదను, తేమను ఆపుతుంది కానీ మీరు వేసే వార్నిష్ ఆరకుండా కూడా అడ్డుపడుతుంది. ఇరుగుడు, అంటే జిట్రేగి, గట్టిగా, నున్నగా ఉంటుంది, తక్కువ పూతతోనే మెరుస్తుంది. నల్లతుమ్మను బండి భాగాలకు, పనిముట్ల పిడులకు వాడతారు కాబట్టి దాని బలాన్ని సందేహించనక్కరలేదు, అయితే దానిలో వగరు గుణం ఎక్కువ, ఇనుము తగిలిన చోట నల్లని మరక పడుతుంది. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కట్టె చూడడానికి అందంగానే ఉంటుంది, కానీ స్టాక్‌కు పనికిరాదు. అది చాలా మెత్తన, మరలు బిగించిన చోట నలిగిపోతుంది.

కట్టెను పూతకు సిద్ధం చేయడం

స్టాక్‌ను ఇనుప భాగాల నుంచి వేరుచేసి, మరలను ఒక డబ్బాలో ఏది ఎక్కడిదో గుర్తులు పెట్టి ఉంచండి. స్ప్రింగ్ రైఫిల్ అయితే ఇక్కడే ఆగండి, ట్యూబును విప్పకండి. లోపలి ప్రధాన స్ప్రింగు అదిమిపెట్టి ఉంటుంది. దాన్ని బిగించి పట్టే సాధనం లేకుండా వెనుక పిన్ను తీస్తే అది ఎగిరి మనిషిని గాయపరుస్తుంది.

కట్టెను 120 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 180, 240, 320 వరకు, ప్రతిసారీ నార వెంటే, అంటే కట్టెలోని గీతలు సాగే దిశలోనే, రుద్దండి. అడ్డంగా రుద్దిన గీతలు పచ్చి కట్టె మీద కనిపించవు, మొదటి చేయి (ఒకసారి వేసే పూత) నూనె పడగానే అన్నీ బయటపడతాయి. 240 తరువాత తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి, నార పైకి లేచి గరుకుగా తగులుతుంది, దాన్ని 320తో తేలికగా కోసేయండి. ఈ పనిని రెండుసార్లు చేస్తే, తరువాత వానాకాలంలో చేతి చెమటకు స్టాక్ గరుకెక్కదు. టేకు అయితే పూత వేయబోయే ముందు అసిటోన్ లేదా థిన్నర్ తడిపిన గుడ్డతో తుడవండి, పైపొరలోని సహజ నూనె పోతుంది. ఆ ప్రభావం కొద్దిసేపే ఉంటుంది కాబట్టి వెంటనే మొదటి పూత పడాలి.

ట్యూబు కూర్చునే గాడి లోపల, మడమ దగ్గర (భుజానికి ఆనే వైపు) కోసిన చివర, మర రంధ్రాల లోపల, ఈ మూడు చోట్ల పూతను చాలామంది వదిలేస్తారు. పైన అద్దంలా మెరిపించి లోపల పచ్చిగా వదిలిన స్టాక్ ఒకవైపు నుంచే తేమ పీల్చుకొని వంకర తిరుగుతుంది, గురి తప్పడానికి అది చాలు. కోసిన చివర నుంచి కట్టె నీటిని అన్నివైపుల కన్నా ఎక్కువగా పీలుస్తుంది కాబట్టి అక్కడ మిగతా చోట్ల కంటే రెండు చేతులు ఎక్కువ వేయండి.

కట్టెకు పూత: నాలుగు దారులు

మొదటిది లక్క పాలిష్, వడ్రంగులు స్పిరిట్ పాలిష్ అని పిలిచేది. చపడా లక్కను స్పిరిట్‌లో కరిగించి దూది ఉండతో పొరలు పొరలుగా రుద్దుతారు. పాత ఇళ్ల బీరువాల మీద ఉండే ఆ లోతైన మెరుపు దీనిదే. త్వరగా ఆరుతుంది, ఎక్కడైనా అతుకుతుంది. కానీ నీటి చుక్క ఆగితే తెల్లమచ్చ పడుతుంది, వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది. గోడకు తగిలించి చూసుకునే రైఫిల్‌కు ఇది బాగుంటుంది, చెమట చేతులతో పట్టుకునేదానికి కాదు.

రెండోది మెలమిన్. తలుపులకు, వార్డ్‌రోబ్‌లకు హనుమకొండ పాలిష్ పనివారు ఎక్కువగా వేసేది ఇదే కావచ్చు, కాబట్టి మనిషి సులువుగా దొరుకుతాడు. లక్క కంటే గట్టిది, నీటికి ఓర్చుకుంటుంది, అయితే దెబ్బ తగిలితే పెళుసుగా పగులుతుంది, వేసేటప్పుడు వాసన ఘాటుగా ఉంటుంది.

మూడోది పీయూ, అంటే పాలీయురేథేన్, రెండు డబ్బాలు కలిపి స్ప్రే చేసేది. ఈ నాలుగింటిలో అత్యంత గట్టిది, నీటిని బాగా ఆపేది ఇదే. దీనిలోని గట్టిపరిచే ద్రవంలో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. సరైన కార్ట్రిడ్జి మాస్కు లేకుండా, గాలి ఆడని గదిలో దీన్ని స్ప్రే చేయకూడదు, మూతికి కట్టుకున్న రుమాలు ఏ రక్షణా ఇవ్వదు. వేయించాలనుకుంటే కార్లకు రంగు వేసే షెడ్డుకు తీసుకెళ్లండి. గీత పడితే మాత్రం ఆ చోటు ఒక్కటే సరిచేయడం కష్టం. రోజూ రేంజికి తిప్పే రైఫిల్‌కు, దాన్ని పదిమంది వాడే క్లబ్బుకు ఇదే తగినది.

నాలుగోది అవిసె నూనె. ఇంట్లో ఒక్కరే వాడే రైఫిల్‌కు నేను సూచించేది ఇదే. నీటిని ఆపడంలో పీయూకు సాటిరాదు, ఆ లోపాన్ని దాచవలసిన పనిలేదు. కానీ గీత పడిన చోట రెండు చుక్కలు రుద్దితే అక్కడికక్కడే కలిసిపోతుంది, ఏళ్లు గడిచేకొద్దీ రంగు లోతెక్కుతుంది, ఎండలో కూడా చేతికి జిడ్డుగానో ప్లాస్టిక్ మాదిరిగానో తగలదు. పెయింట్ దుకాణంలో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అడగండి. దానిలో ఆరబెట్టే లవణాలు కలిపి ఉంటాయి కాబట్టి సుమారు ఒక రోజులో ఆరుతుంది. తినడానికి గానుగ పట్టిన అవిసె నూనె రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. కొబ్బరి నూనె, ఆముదం అసలు ఆరనే ఆరవు, నువ్వుల నూనె సగం ఆరి జిగటగా మిగిలి దుమ్ము పట్టిస్తుంది. పనిముట్ల పిడులకు ఇంట్లో ఉన్న నూనె రాసే అలవాటు మనకు ఉంది గనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది.

వేసే తీరు ఇది. మొదటి చేయికి నూనెలో సమానంగా టర్పెంటైన్ కలపండి, పలుచగా ఉంటే లోతుకు దిగుతుంది. గుడ్డతో ధారాళంగా రాసి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఆగి, పైన మిగిలినదంతా పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయండి. పైన నిలిచిన నూనె ఆరదు, జిగురై అంటుకుంటుంది. ఒక రోజు ఆగి రెండో చేయి, ఈసారి కలపకుండా, వేయండి. టేకు రంధ్రాలు పెద్దవి కాబట్టి రెండు, మూడు చేతులప్పుడు నూనె తడిగా ఉండగానే 400 నంబరు నీటి కాగితంతో నార వెంట రుద్దండి. కట్టె పొడి, నూనె కలిసి ముద్దయి రంధ్రాలను పూడుస్తుంది, విడిగా లప్పం పెట్టనవసరం లేదు. మొత్తం ఐదు నుంచి ఎనిమిది చేతులు పడతాయి. ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోకండి, సంక్రాంతి తరువాత నుంచి ఎండలు ముదిరే లోపు దీనికి మంచి కాలం. చివరి చేయి ఆరిన వారానికి తేనె మైనాన్ని టర్పెంటైన్‌లో కరిగించి పలుచగా రుద్దండి. మైనాన్ని వేడినీటి గిన్నెలో పెట్టి కరిగించి, దాన్ని మంటకు దూరంగా తెచ్చాకే టర్పెంటైన్ కలపాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. అవిసె నూనె ఆరుతున్నప్పుడు వేడిని పుట్టిస్తుంది. నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి లోపలే పెరిగి, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే మంట లేస్తుంది. మన ఎండాకాలంలో ఆ ప్రమాదం మరింత ఎక్కువ. వాడిన ప్రతి గుడ్డనూ విప్పి బయట తీగ మీద విడివిడిగా ఆరవేయండి, లేదా నీళ్లున్న డబ్బాలో ముంచి మూత పెట్టండి.

అలంకారం కావాలంటే

కట్టెను నల్లగా చేయాలనుకునేవారు బూడిద రంగులోకి తిరిగే బజారు స్టెయిన్లకు బదులు కరక్కాయను వాడవచ్చు. కలంకారీ నలుపు పుట్టేది కరక్కాయ వగరు, ఇనుప తుప్పు ద్రావణం కలిసినప్పుడే. దంచిన కరక్కాయను నీటిలో మరిగించి, వడకట్టి, ఆ కషాయాన్ని కట్టెకు రెండుసార్లు పట్టించి ఆరనివ్వండి. పాత మేకులను కొన్నాళ్లు వెనిగర్‌లో నానబెట్టి వడకట్టిన ద్రవాన్ని దానిపై రాస్తే కళ్లముందే నలుపు తిరుగుతుంది. ముందుగా అదే కట్టె ముక్క మీద పరీక్షించండి, ఎందుకంటే ఇరుగుడు, టేకు, తుమ్మ మూడింటికీ మూడు రకాల నలుపు వస్తుంది. తరువాత తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాకే నూనె వేయాలి. పులుపు మిగిలిన కట్టె ట్యూబును తుప్పు పట్టిస్తుంది కాబట్టి గాడి లోపలికి ఆ ద్రవం పోకుండా చూడండి.

ఇత్తడి ఫలకం అమర్చాలనుకుంటే పెంబర్తి పనివారి వంటివారు రేకు మీద చేసే చెక్కుడు పని స్టాక్ పక్కభాగానికి హుందాగా ఉంటుంది. దాన్ని చెంప ఆనే వైపు కాకుండా అవతలి వైపు పెట్టండి, మరలు కూడా ఇత్తడివే వాడండి. చేర్యాల నకాషీ రంగులనో నిర్మల్ బొమ్మల రంగులనో చేయి పట్టని చోట వేయించి పైన వార్నిష్ పూయవచ్చు, పట్టు దగ్గర మాత్రం ఏ రంగూ నిలవదు.

ఉక్కు మీద నీటి అలల వంటి గీతల కోసం అడిగేవారూ ఉన్నారు. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు పారశీక వర్తకుల చేతుల మీదుగా డమాస్కస్ కత్తులకు వెళ్లిందన్న కథ మనవారికి గర్వకారణమే. కానీ ఆ గీతలు ఉక్కులోనే ఉంటాయి, ఆమ్లం వాటిని పైకి చూపిస్తుందంతే. ఎయిర్ రైఫిల్ ట్యూబు మామూలు ఉక్కు గొట్టం, దాని మీద ఆమ్లం పోస్తే వచ్చేది మచ్చలే.

ఇనుప భాగాలకు

తుపాకుల మీద కనిపించే నల్లని నీలి రంగు పెయింటు కాదు, ఇనుము పైపొరే నల్లని ఆక్సైడుగా మారిన రూపం. దీన్నే బ్లూయింగ్ అంటారు. ఆ పొర చాలా పలుచన, అది ఒంటరిగా తుప్పును ఆపలేదు, నూనెను పట్టి ఉంచడమే దాని అసలు పని. కంపెనీ బ్లూయింగ్ చాలావరకు బాగానే ఉండి, అక్కడక్కడా గీతలు మాత్రమే ఉంటే, మొత్తం మార్చే ఆలోచన మానుకోండి. కోల్డ్ బ్లూ (వేడి చేయకుండా రాసే) ద్రావణంతో గీతలను నలుపుచేసి, నూనె పట్టించండి. ఆ ద్రావణంలో చాలావాటిలో సెలీనియం లవణాలు ఉంటాయి, అవి విషం, చేతి తొడుగులు తప్పనిసరి. ఇది రంగు సరిపోయేలా చేస్తుందే తప్ప పెద్ద రక్షణ ఇవ్వదు.

వేడి కాస్టిక్ బ్లూయింగ్‌ను ఇంట్లో చేయకండి. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు సుమారు 140 డిగ్రీల వద్ద మరుగుతుండగా ఒక నీటి చుక్క పడితే చిమ్ముతుంది, కళ్లు పోతాయి. పైగా అది అల్యూమినియం భాగాలను తినేస్తుంది.

ఓపిక ఉన్నవారికి తుప్పు బ్లూయింగ్ ఉంది, మన వానాకాలం దీనికి అనుకూలం కూడా. నిపుణుడి చేత విప్పించిన బ్యారెల్‌ను, విడి భాగాలను 400 కాగితంతో నునుపుచేసి, అసిటోన్‌తో జిడ్డు పూర్తిగా తీసి, బ్యారెల్ రెండు చివరలూ బిగుతుగా మూయాలి. సిద్ధంగా దొరికే ద్రావణాన్ని పలుచగా రాసి తేమ గాలిలో కొన్ని గంటలు ఉంచితే సన్నని ఎర్రతుప్పు కమ్ముకుంటుంది. దాన్ని నీటిలో పావుగంట మరిగిస్తే ఎరుపు నలుపుగా మారుతుంది. జిడ్డులేని అతి సన్నని ఇనుప పీచుతో పైపొడిని రుద్దేసి, మళ్లీ రాయాలి. ఐదారుసార్లకు చిక్కని, మెరుపులేని నలుపు వస్తుంది. బోరు నీటితో మరిగించకండి, దానిలోని ఉప్పులు మచ్చలు వేస్తాయి, డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఇనుప పీచును కట్టె దగ్గరికి రానివ్వకండి, దాని తునకలు తుమ్మలోనో టేకులోనో ఇరుక్కుంటే నల్ల చుక్కలు లేస్తాయి.

గేట్లకు వేసే పౌడర్ కోటింగ్ చవక, దృఢం. అయినా రైఫిల్ ట్యూబుకు వద్దంటాను. అది 180 నుంచి 200 డిగ్రీల కొలిమిలో ఆరాలి, గాలి బయటకు పోకుండా ఆపే లోపలి సీళ్లు ఆ వేడికి నిలవవు. పొర మందం 60 నుంచి 80 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి మరచుట్లు, గురి బిగించే గాడులు పూడుకుపోతాయి. ట్రిగ్గర్ గార్డు వంటి అల్యూమినియం, జింకు భాగాలకు బ్లూయింగ్ పట్టదు, వాటికి ఎచ్ ప్రైమర్ (లోహానికి పెయింటు అంటుకునేలా ముందుగా వేసే పూత) మీద మంచి నల్ల పెయింటు చాలు.

బిగించాక

కట్టె పూత పూర్తిగా గట్టిపడడానికి రెండు వారాలు ఇచ్చి, అప్పుడు బిగించండి. మరలను ఒకేసారి చివరివరకు బిగించకుండా ఒకదాని తరువాత ఒకటిగా కొద్దికొద్దిగా తిప్పండి. ట్యూబు బయటి భాగాన్ని ప్రతిసారీ వాడిన తరువాత కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసిన నూలుగుడ్డతో తుడవాలి. ఆ నూనె బ్యారెల్ వెనుక నుంచి గాలి గదిలోకి పోకూడదు, పోతే పిస్టన్ ఒత్తిడికి అది డీజిల్ ఇంజన్‌లో మాదిరి మండి సీలును పాడుచేస్తుంది. వానాకాలంలో రైఫిల్‌ను తోలు సంచిలో, స్పాంజి పెట్టెలో ఉంచకండి, అవి తేమను పట్టి ఉంచుతాయి. తాళం వేసిన బీరువాలో, పిల్లలకు అందని చోట, సిలికా జెల్ సంచితో నిలబెట్టి ఉంచి, ఆరుద్ర నుంచి ఆశ్లేష వరకు వారానికోసారి బయటకు తీసి చూడండి. కట్టె మీద ఒక నీటి చుక్క వేస్తే అది గుండ్రంగా నిలవాలి. పరుచుకొని కట్టెలోకి ఇంకుతుంటే ఆ చోటును 400 కాగితంతో తేలికగా రుద్ది, మరొక చేయి నూనె పట్టించండి.